112 గూటీ పిల్లలు చేతికొచ్చాయి. ఇక నేను హాబీవాడినా, వ్యాపారినా?

ప్లేనో_శ్రీను · శనివారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇది రెండోసారి. మొదటిసారి అక్టోబరులో రాశాను: "మగదాన్ని ఆడది తినేస్తే ఓనరుకి మొహం ఎలా చూపించాలి" అని. తినలేదు. మగది క్షేమంగా ఇల్లు చేరింది.

నా దగ్గరున్నది పెసిలోథీరియా మెటాలికా, మనందరం గూటీ అని పిలుచుకునే నీలం టారాంటులా. వేలి గోరంత పిల్లగా కొన్నాను, ఇప్పుడు నాలుగేళ్లు. మగది ఒహైయో నుంచి బ్రీడింగ్ లోన్ మీద వచ్చింది. పుట్టినవాటిలో సగం నాకు, సగం వాళ్లకి. జనవరి 9న గుడ్ల సంచి కట్టింది. 30వ రోజున తల్లి దగ్గర్నుంచి సంచి తీశాను. జీవితంలో ఏ ఇంటర్వ్యూకీ చేతులు అంత వణకలేదు. కత్తెరతో మెల్లగా కోస్తే లోపల గుడ్లకి కాళ్లు వచ్చి ఉన్నాయి. తొమ్మిది పాడయ్యాయి. మిగతావి నిన్నటితో ఎదుగుదలలో రెండో దశకి చేరాయి. లెక్క 112.

వాళ్ల సగం పోగా నాకు 56. టెన్షన్ ఇక్కడ మొదలైంది. ఇక్కడి పెట్ షాపాయన అన్నీ కలిపి తీసుకుంటాను, ఒక్కోటి 12 డాలర్లు అన్నాడు. ఎక్స్‌పోలో బల్ల తీసుకుంటే 45కి తక్కువ పోవని ఫ్రెండ్ అంటున్నాడు. నేనేమో హెచ్1బీ మీద ఉన్నాను. మే నెలలో అత్తామామలు వస్తున్నారు. గెస్ట్ రూమే సాలీళ్ల రూము. మా ఆవిడ ఒకటే మాట చెప్పింది: "వాళ్లు దిగేలోపు 57 డబ్బాలు నాకు కనపడకూడదు."

ఒక సంచి తీసినంత మాత్రాన నేను బ్రీడర్‌నా? అమ్మితే వ్యాపారినా? ఊరికే పంచితే పిచ్చివాడినా?

కొలంబస్_అన్న · శనివారం రాత్రి 10:30

ముందే చెప్పేస్తున్నాను, ఆ మగది నాదే. కాబట్టి నా మాటల్లో స్వార్థం ఉంటుంది, చూసి చదువుకోండి.

బ్రీడింగ్ లోన్ అంటే ఏంటని కొత్తవాళ్లు ప్రతి నెలా అడుగుతారు. మన ఊళ్లలో మేకల్ని పాలుకి ఇస్తారే, అదే. మేక ఒకరిది, మేపేది ఒకరు, పిల్లలు చెరి సగం. ఇక్కడ ఒకటే తేడా: మేక మేకపోతుని తినేయదు.

శ్రీనూ, ఒక సంచితో ఎవరూ బ్రీడర్ కారు. పదకొండేళ్లుగా ఇదే నా తిండి. బేస్‌మెంట్‌లో 260 పెద్ద ఆడవి ఉన్నాయి. వారంలో రెండు రోజులు మేత వేయడానికే పోతాయి. పిల్లల సీజన్‌లో రెక్కలు లేని పండుఈగల సీసాలు వరసగా నేనే పెంచుకుంటాను, కొని పెట్టాలంటే దివాలా తీస్తాను. ఇదంతా గొప్ప కోసం చెప్పడం లేదు. మేత వేసే రోజు నేను ఒక్క సాలీడుని కూడా సరిగ్గా చూడను. మూత తీయి, వేయి, మూత పెట్టు. నువ్వు మీ ఆడదాని ముందు గంటసేపు కూర్చుంటావు చూడు, ఆ సుఖం నాకు పోయి చాలా కాలమైంది.

మరి తేడా ఎక్కడ? డబ్బులు వెనక్కి ఇవ్వడంలో. ప్రాణంతో చేరుతుందని గ్యారంటీ ఇస్తాను. ఒక జనవరిలో హీట్ ప్యాక్‌లు పెట్టి పంపిన పార్సెళ్లు మధ్యలో రెండు రోజులు ఆగిపోయాయి. ముప్పైకి పైగా పోయాయి. ఎవరి తప్పని నేను వాదించలేదు, అందరికీ తిరిగి పంపాను. ఎక్స్‌పోలో బల్ల వేసి సాయంత్రానికి కనపడకుండా పోయేవాడు ఆ పని చేయడు.

హెచ్1బీ సంగతి నన్ను అడగకు, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడుగు. ఆ వీసా నిన్ను పిలిపించుకున్న కంపెనీలో పనికి మాత్రమే. లాభం కోసం బల్ల వేసుకుని కూర్చుంటే దాన్ని ఏమంటారో సరదాగా తేల్చుకునే విషయం కాదు. నేను గ్రీన్ కార్డు వచ్చాకే సొంత కంపెనీగా ఎల్‌ఎల్‌సీ పెట్టాను.

లెస్టర్_లత · ఆదివారం ఉదయం 6:05

శ్రీను గారూ, అభినందనలు. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. సాలీళ్ల పెళ్లి సంగతి వాళ్లకి తెలిసి ఉంటే మూడోది కూడా కలిపేవాళ్లు.

అన్నగారి మాటలో సగానికి ఒప్పుకుంటాను. మిగతా సగం చెప్తాను.

నా దగ్గర గ్రామోస్టోలా పుల్క్రా ఉంది. నల్ల వెల్వెట్ లాంటిది, బ్రెజిల్, ఉరుగ్వే ప్రాంతాలది. పిల్లగా తెచ్చాను. ఆడది పెద్దది కావడానికి నా ఇంట్లో ఎనిమిదేళ్లు పట్టింది. మగదాన్ని వెతకడానికి ఒక ఏడాది. జత కలిసిన నాలుగు నెలలకి కుబుసం విడిచేసింది. తెలియనివాళ్ల కోసం: ఆడదాని లోపల మగదాని బీజం దాచుకునే సంచులుంటాయి, కుబుసంతో పాటు వాటి పొర కూడా ఊడొచ్చేస్తుంది. అంటే పెళ్లి రద్దు. మళ్లీ మొదటి నుంచి. రెండోసారి సంచి కట్టింది, మూడో వారంలో తానే తినేసింది. మూడోసారి 140 పిల్లలు. మొత్తం పదకొండేళ్లు. ఏ వ్యాపారి చేస్తాడు ఈ పని? అద్దెలు, కరెంటు బిల్లులు కట్టుకునేవాడికి పదకొండేళ్లు ఆగే ఓపిక ఉండదు, తప్పూ కాదు.

చిలీ రోజ్ కథ గుర్తుందా అందరికీ? ఒకప్పుడు ప్రతి షాపులో అతి చవక టారాంటులా అదే. అడవిలో పట్టి పెట్టెలకి పెట్టెలు పంపేవాళ్లు. అంత చవకగా పెద్ద ఆడది దొరుకుతుంటే పిల్లల్ని పుట్టించి పెంచేదెవరు? ప్రొఫెషనల్స్‌లో చాలామంది దాన్ని పట్టించుకోలేదు. చిలీ నుంచి రావడం ఆగింది, ధర చెట్టెక్కింది. అప్పుడు వెతికితే మంచి జతలు హాబీవాళ్ల అల్మారాల్లో దొరికాయి.

ఇక్కడ బ్రిటన్‌లో పన్ను లెక్క మాత్రం తేలిక. ఏడాదికి 1,000 పౌండ్ల దాకా ఇలాంటి చిల్లర అమ్మకాల రాబడిని ట్రేడింగ్ అలవెన్స్ కింద వదిలేస్తారు. నేను ఆ గీత దాటిన ఏడాది ఒక్కటీ లేదు, అది సిగ్గుపడాలో గర్వపడాలో తెలియదు.

కొలంబస్_అన్న · ఆదివారం ఉదయం 8:20

లత గారూ, పుల్క్రా విషయంలో సరెండర్. కానీ ఒకటి అడుగుతాను. మీ 140 పిల్లలు ఇప్పుడు ఎక్కడున్నాయి? ఎవరు పెంచుతున్నారు? వాటిలో మగవి పెద్దయ్యాక ఎవరి ఆడదాని దగ్గరికి వెళ్లాయి? నా దగ్గర ప్రతి సంచికీ నంబరుంది. తండ్రి, తల్లి, వాళ్లని కొన్న చోటు, తేదీలు. 2014 నుంచి రాసుకుంటున్నాను.

లెస్టర్_లత · ఆదివారం ఉదయం 8:41

సగం తెలుసు. మిగతా సగం బ్రిటిష్ టారాంటులా సొసైటీ (బీటీఎస్) ఎగ్జిబిషన్‌లో పోయాయి, కొన్నవాళ్ల పేర్లు రాసుకోలేదు. దెబ్బ తగిలింది.

డార్ట్‌మండ్_ప్రసాద్ · ఆదివారం మధ్యాహ్నం 1:15

నంబర్ల మాట వచ్చింది కాబట్టి నేనూ దూరుతున్నాను. హమ్ అనే ఊరు మా ఇంటికి అరగంట దూరం. ఏడాదికి నాలుగుసార్లు అక్కడ టెరారిస్టికా అనే పెంపుడు జీవుల సంత జరుగుతుంది. యూరప్ మొత్తం నుంచి వస్తారు. బల్లల మీద చిన్న చిన్న కప్పులు, మూత మీద లాటిన్ పేరు, ధర. మన సంతలో విత్తనాల పొట్లాలు అమ్మినట్టే. మొలిచాకే తెలుస్తుంది అది ఏంటో.

పేర్ల విషయంలో హాబీ, ప్రొఫెషనల్ అని తేడా లేదు, ఇద్దరూ సమానంగా చెడగొట్టారు. బ్రాకీపెల్మా స్మితి అని మనమందరం ఏళ్ల తరబడి పెంచిన ఎర్ర మోకాళ్ల మెక్సికో టారాంటులాల్లో చాలా భాగం అసలు స్మితి కాదని 2017లో తేలింది. అవి హామొరీ అనే వేరే జాతి. ఈలోపు ఎంతమంది స్మితినీ హామొరీనీ జత కలిపి ఉంటారు? కర్లీ హెయిర్ అనే ఇంకో టారాంటులా సంగతి ఇంకా ఘోరం. "హాబీ ఫామ్" అనే పేరుతోనే ఒక రకం తిరుగుతోంది, అది వేగన్స్ అనే వేరే జాతితో కలిసిన సంకరమని చాలామంది అనుమానం. అందుకే నికరాగువా నుంచి వచ్చిన వంశం అని ఋజువుంటే ధర వేరేగా ఉంటుంది.

ఒక సంచిలో 500 పిల్లలొచ్చే జాతుల్లో ఒక్క తప్పు జత చాలు. ఒక అబ్బాయి తెలియక చేస్తాడు, ఒక హోల్‌సేల్ వ్యాపారి గుత్తగా కొంటాడు, ఆరు నెలల్లో ఖండమంతా పాకుతుంది. మొదటి తప్పు హాబీవాడిది, దాన్ని పాకించింది వ్యాపారి. ఇద్దరూ కావాలి చెడగొట్టడానికి.

కుర్ర_సాలీడు · ఆదివారం మధ్యాహ్నం 2:02

అన్నా, నేను హైదరాబాద్. బీటెక్ సెకండియర్. ఇదే గూటీ ఇక్కడ ఒకాయన టెలిగ్రామ్‌ల పెట్టిండు, పిల్ల 6 వేలు అంట. హోమ్ బ్రీడర్ అని చెప్తుండు. తీసుకోవచ్చా? లింక్ ఇస్తా.

నిర్వాహకుడు · ఆదివారం మధ్యాహ్నం 2:10

లింక్ తీసేశాను. ఈ వేదికలో అమ్మకాల లింకులు పెట్టకూడదు, ఇండియాలోవి అసలే వద్దు. చర్చ కొనసాగించండి.

నంద్యాల_రవి · ఆదివారం మధ్యాహ్నం 3:30

తమ్ముడూ, తీసుకోవద్దు. "హోమ్ బ్రీడర్" అనే మాట ఎవరైనా చెప్పుకోవచ్చు. ఇండియాలో వాడి దగ్గర పిల్ల ఉందంటే దాని తల్లి ఎక్కడిది? ఒకటి, బయటి నుంచి దొంగగా వచ్చి ఉండాల. లేదంటే మా అడవి నుంచి. రెండింట్లో ఏదైనా నీకు మంచిది కాదు.

పెసిలోథీరియా జాతులన్నీ 2019లో సైటిస్ (వన్యప్రాణుల వ్యాపారం మీద దేశాల మధ్య ఒప్పందం) రెండో అనుబంధంలోకి వచ్చినాయి. మన వన్యప్రాణి చట్టాన్ని 2022లో సవరించినప్పుడు సైటిస్ జీవాల కోసం నాలుగో షెడ్యూలు పెట్టినారు. అలాంటి ప్రాణిని ఇంట్లో ఉంచుకుంటే కేంద్ర ప్రభుత్వ పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలని 2024లో రూల్సు వచ్చినాయి. పిల్లల్ని పుట్టించాలంటే దానికి వేరే లైసెన్సు రూల్సు. ఆ టెలిగ్రామ్ ఆయన్ని నమోదు కాయితం చూపించమను. మళ్లీ రిప్లై ఇస్తే నాకు చెప్పు.

ఇప్పుడు పెద్దోళ్లకి. మీరందరూ గూటీ గూటీ అంటాంటే నాకు నవ్వొస్తాది, కోపమూ వస్తాది. గూటీలో ఇది ఎప్పుడూ బతకలేదు. రైల్వే యార్డులో కట్టెల మధ్య ఒక్క ఆడది దొరికింది, దాన్ని చూసి 1899లో పోకాక్ అనే ఇంగ్లీషు శాస్త్రజ్ఞుడు పేరు పెట్టినాడు. రైల్లో కట్టెతో పాటు వచ్చి ఉంటాదని అంటారు. తర్వాత నూరేండ్లు ఎవరికీ కనపడలేదు. 2001లో మళ్లీ దొరికింది, అది మా నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో. ఉండే చోటు నూరు చదరపు కిలోమీటర్ల లోపే అని లెక్కగట్టి 2008లో ఐయూసీఎన్ (అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ) వాళ్లు అత్యంత ప్రమాదంలో ఉన్న జాబితాలో పెట్టినారు. పెద్ద చెట్ల తొర్రల్లో ఉంటాది. వంటచెరుకు కోసం కొమ్మలు నరికితే, ముసలి చెట్టు పోతే, దాని ఇల్లు పోయినట్టే.

నేను ఫొటోలు తీస్తాను, పదేండ్లుగా తిరుగుతున్నా. దొరికే చోట్లు ఎక్కడా రాయను. ఎందుకో మీకు తెలుసు.

నా ప్రశ్న హాబీవాళ్లకీ వ్యాపారులకీ ఒకటే. "మేము పెంచి జాతిని కాపాడుతున్నాం" అని రెండు పక్కలా అంటారు. మీ ఇళ్లల్లో పుట్టినవాటిలో ఒక్కటి నల్లమలకి తిరిగొచ్చిందని నేను ఇంతవరకు వినలేదు. అట్లాంటప్పుడు కాపాడింది ఏంది?

కొలంబస్_అన్న · ఆదివారం సాయంత్రం 5:50

రవీ, దీనికి తెలివైన జవాబు వెతికాను, దొరకలేదు. ఉన్నదున్నట్టు చెప్తాను.

నా మొదటి మెటాలికా జతని ఇక్కడే ఒకాయన దగ్గర కొన్నాను. "జర్మనీ వంశం" అన్నాడు. అప్పుడు నాకు అది బ్రాండ్‌లా వినిపించింది. తర్వాత ఎప్పుడో తట్టింది, జర్మనీలో నల్లమల లేదు కదా. ఇండియా నుంచి వీటిని చట్టబద్ధంగా ఎగుమతి చేసిన దాఖలా లేదు. అంటే నా బేస్‌మెంట్‌లో ఉన్న ప్రతి గూటీకీ ముత్తాతలు ఎవరిదో సూట్‌కేసులో వచ్చినవాళ్లే. నా రికార్డులు 2014 దాకా శుభ్రంగా ఉంటాయి, అంతకు ముందు చీకటి.

నా వైపు వాదన ఒక్కటే. మొదట్లో దీని పిల్ల ధర వందల డాలర్లు. ఆ ధరకి ఎవడైనా అడవికి మనిషిని పంపుతాడు. ఇప్పుడు 40, 50. ఆ ధరకి నల్లమల దాకా వెళ్లి, దొంగతనంగా దాటించి, సగం చచ్చిపోగా మిగిలింది అమ్ముకుంటే గిట్టదు. ఆ ధర పడింది నాలాంటివాళ్లు వందల్లో పుట్టించడం వల్లే. కాపాడాను అనను. దొంగకి గిట్టుబాటు లేకుండా చేశాను అంటాను.

నంద్యాల_రవి · ఆదివారం రాత్రి 7:12

ఈ జాతి వరకు ఒప్పుకుంటా. రేపు కొత్త జాతి దొరికితే? దాని పిల్ల మళ్లీ వందల డాలర్లే కదన్నా. మొదట కొనేది మీరే.

డార్ట్‌మండ్_ప్రసాద్ · ఆదివారం రాత్రి 8:00

రవి గారు చెప్పింది నిజం. కొత్త జాతి మీద శాస్త్రజ్ఞులు వ్యాసం రాస్తే, అది దొరికిన ఊరి పేరు చూసి బయల్దేరేవాళ్లున్నారు. 2010లో ఒక జర్మన్ వ్యక్తిని లాస్ ఏంజెలెస్‌లో అరెస్ట్ చేశారు. అంతకు ముందు ఆయన పోస్టులో పంపిన ఒకే పార్సెల్లో దాదాపు 300 బతికున్న టారాంటులాలు దొరికాయి. అమెరికా అధికారులు ఆ కేసుకి పెట్టిన పేరు "ఆపరేషన్ స్పైడర్‌మ్యాన్". నవ్వకండి, నిజంగా అదే పేరు.

పైగా "ఇంట్లో పుట్టింది" అన్న మాట మీద కూడా అనుమానం ఉండాలి. అడవి నుంచి కడుపుతో ఉన్న ఆడదాన్ని తెస్తారు. నెలలో సంచి కడుతుంది. పిల్లలు పుట్టింది ఇంట్లోనే కదా! సైటిస్ కాయితాల మీద దీనికి తేడా ఉంది: అడవిది అయితే డబ్ల్యూ, ఇంట్లో పుట్టి ఆ పైన షరతులు నిండనిది ఎఫ్, తల్లిదండ్రులూ పెంపకంలోవే అని నిలబడేది సీ. కప్పు మీద మాత్రం అందరూ ఒకటే రాస్తారు. కొనేవాడు సీకీ ఎఫ్‌కీ తేడా అడగడు. నేను అడిగితే హమ్‌లో ఒకాయన నన్ను పోలీసు అనుకున్నాడు.

లెస్టర్_లత · ఆదివారం రాత్రి 8:25

బ్రెగ్జిట్ తర్వాత ఆ హమ్ బల్లలు మాకు కలలోకి వస్తాయి. 2021 జనవరి నుంచి సైటిస్ జీవి ఏదైనా ఇటు రావాలన్నా అటు పోవాలన్నా పర్మిట్లు. ఒక మగ రెగాలిస్ (అదీ పెసిలోథీరియానే) కోసం అంత ఖర్చు హాబీవాళ్లు పెట్టరు. ఫలితం, ఇక్కడ అన్నాచెల్లెళ్ల పెళ్లిళ్లే. మీ దగ్గర ఎలా, అన్నగారూ?

కొలంబస్_అన్న · ఆదివారం రాత్రి 9:40

జరుగుతాయి. అసలు ప్రకృతే కొంత అడ్డుపెట్టింది: గూటీలో మగది ఏడాది, ఏడాదిన్నరకే పెద్దదైపోతుంది, ఆడదానికి రెండు మూడేళ్లు కావాలి. ఒకే సంచిలో పుట్టినవి మామూలుగా కలవవు. కానీ వ్యాపారికి ఉపాయం తెలుసు. మగపిల్లకి మేత తగ్గించి చల్లగా పెడతారు, ఆడదానికి వెచ్చగా పెట్టి కుక్కి కుక్కి మేపుతారు. ఇద్దరూ ఒకేసారి తయారవుతారు. నేనూ రెండు జాతుల్లో చేశాను. మూడు తరాల దాకా కంటికి తేడా కనిపించలేదు. కంటికి కనిపించలేదు అంటున్నాను, తేడా లేదు అనడం లేదు.

బయటి రక్తం కావాలంటే ఒకటే దారి: శ్రీను లాంటివాడు. ఆ ఆడది నా వంశం కాదు. నా మగదాన్ని నేను టెక్సస్ పంపింది పుణ్యానికి కాదు.

ఇంకోటి కూడా చెప్పాలి. 2018లో శ్రీలంక పెసిలోథీరియాల్లో అయిదు జాతుల్ని అమెరికా అంతరించిపోతున్నవాటి చట్టం కిందికి తెచ్చింది: ఒర్నాటా, ఫాసియాటా, స్మితి (ప్రసాద్ చెప్పిన మెక్సికో స్మితి వేరు), సబ్‌ఫస్కా, విట్టాటా. అప్పటి నుంచి రాష్ట్రం దాటించి అమ్మకూడదు. నా దగ్గర ఒర్నాటా ఆడవి ఏడు ఉండేవి. ఒహైయోలో ఎంతమంది కొంటారు? సంచులు కట్టించడం ఆపేశాను. వ్యాపారిగా సరైన నిర్ణయమే. కానీ ఆ ఆడవి ముసలివై పోయాక ఏం చేయాలో నేను ఆలోచించలేదు. ఇక్కడ ఒక స్కూలు టీచరు ఉన్నారు, ఆవిడ ఒక్క డాలరు రాకపోయినా ఒర్నాటా వంశం నిలబెడుతోంది. లత గారి పాయింట్ ఆవిడ దగ్గర నాకు అర్థమైంది.

మెల్‌బోర్న్_మాధవి · సోమవారం ఉదయం 6:30

మీ గొడవలు వింటుంటే అసూయగా ఉంది. ఆస్ట్రేలియాలోకి విదేశీ టారాంటులాలు రానివ్వరు. మాకు ఇక్కడివే దిక్కు, గోధుమరంగు, కోపిష్టివి, బొరియలోంచి నెలకోసారి దర్శనం. అందువల్ల ఇక్కడ ప్రొఫెషనల్ అంటే సగం మంది తవ్వి తెచ్చినవాళ్లే.

ప్లేనో_శ్రీను · సోమవారం ఉదయం 7:55

నేను రెండు మాటలు అడిగితే మీరు మహాభారతం చెప్పారు. అన్నీ చదివాను. రవి గారి మాట దగ్గర ఆగిపోయాను.

లాయర్‌తో మాట్లాడాను. ఆవిడకి ఇన్నేళ్ల సర్వీసులో ఈ ప్రశ్న ఎవరూ వేయలేదట. నవ్వి, తర్వాత సీరియస్‌గా చెప్పింది: అమ్మకాల జోలికి వెళ్లకు, బల్ల తీసుకోకు, ఇస్తే ఊరికే ఇవ్వు. కాబట్టి ఎక్స్‌పో లేదు, షాపాయన 12 డాలర్లూ లేవు. ఊరికే పంచుతాను.

కొలంబస్_అన్న · సోమవారం ఉదయం 9:10

లాయర్ చెప్పాక నేను మాట్లాడకూడదు, కానీ మాట్లాడతాను. హాబీవాళ్లతో నాకున్న అసలు గొడవ ఇదే. ఒకడు సరదాకి 400 పిల్లల్ని పుట్టించి చోటు లేదని ఊరికే పంచుతాడు. ఆ వారం అదే జాతి నా దగ్గర కొనేవాడు ఉండడు. నేను పండుఈగలకి, కరెంటుకి, ఇన్సూరెన్సుకి కట్టిన డబ్బు నీళ్లలో. ఆ తర్వాత ఆ జాతిని నేను ముట్టుకోను, మూడేళ్లకి ఎక్కడా దొరకదు, అప్పుడు అందరూ నన్నే తిడతారు.

ఊరికే వచ్చినదాన్ని ఊరికే వచ్చినట్టే చూస్తారు. గూటీ మెరుపులా పరిగెత్తుతుంది. దీనికి మీద దురద పెట్టే వెంట్రుకలు ఉండవు, కరవడమే దాని ఆయుధం. మనుషులు చచ్చిపోరు కానీ కండరాలు పట్టేసి రోజుల తరబడి ఏడుస్తారు. ఎవరికిస్తున్నావో చూసి ఇవ్వు. నేను 45 డాలర్లు అడిగినప్పుడు సగం మంది ఆలోచించుకుని వెళ్లిపోతారు, అది కూడా ఒక వడపోతే.

లెస్టర్_లత · సోమవారం ఉదయం 10:02

అన్నగారూ, డబ్బు వడపోత అయితే డబ్బున్న తలతిక్కవాళ్లందరూ మంచి పెంపకందారులు కావాలి. శ్రీను గారు ఒక్కొక్కరితో పది నిమిషాలు మాట్లాడి ఇవ్వగలరు. ఎక్స్‌పో బల్ల దగ్గర క్యూ ఉన్నప్పుడు మీరు మాట్లాడగలరా?

శ్రీను గారూ, ఈలోపు పనికొచ్చే మాట: ఒక్కోదానికీ విడి డబ్బా, నిలువుగా చిన్న బెరడు ముక్క, ఒక మూల మాత్రమే తడి. మొదటి మేతకి రెక్కల్లేని పండుఈగ చాలు. తినకపోతే కంగారుపడకండి, కుబుసానికి ముందు తినవు. అన్నీ ఒకే పెట్టెలో కలిపి పెంచుదామని ఎవరో ఒకరు సలహా ఇస్తారు, పెసిలోథీరియాలు కొంత సర్దుకుంటాయి కూడా. మొదటి సంచితో ఆ ప్రయోగం వద్దు.

కొలంబస్_అన్న · సోమవారం ఉదయం 10:15

క్యూ ఉన్నప్పుడు మాట్లాడను. నిజమే.

శ్రీనూ, నా 56తో పాటు నీ ఆడదాని వివరాలన్నీ పంపు. ఎవరి దగ్గర కొన్నావు, ఏ ఏడాది, ఫొటోలు. ఊరికే ఇచ్చేవాళ్లకి కూడా అదే కాయితం ఇవ్వు, తండ్రి వివరాలు నేను రాసిస్తాను. పోస్టాఫీసులో మాత్రం వేయకు, వాళ్లు సాలీళ్లని తీసుకోరు. ప్రైవేటు కొరియర్ లేబుల్ నేనే పంపిస్తాను.

కుర్ర_సాలీడు · సోమవారం మధ్యాహ్నం 12:40

రవన్నా, కాయితం అడిగిన. బ్లాక్ చేసిండు.

నంద్యాల_రవి · సోమవారం మధ్యాహ్నం 12:52

ఎండలు తగ్గినాక మా ఊరికి రా తమ్ముడూ. వాన పడినాక రాత్రిపూట చెట్టు మీద చూపిస్తా. చేత్తో పట్టుకునేది లేదు, టార్చి వేసి చూసేదే.

ప్లేనో_శ్రీను · రెండు నెలల తర్వాత, ఆదివారం రాత్రి 11:05

పాత దారాన్ని పైకి లాగుతున్నందుకు క్షమించండి, లెక్క అప్పజెప్పాలి కదా. నా 56లో నాలుగు పోయాయి, రెండు కుబుసంలో ఇరుక్కుని, రెండు ఎందుకో తెలియదు. ఆరు ఇక్కడి నేచర్ సెంటర్‌కి ఇచ్చాను. 34 మా క్లబ్బులో పదకొండు మందికి, ప్రతిదానితో తల్లీ తండ్రీ వివరాల కాయితం. 12 ఉంచుకున్నాను. ఒకబ్బాయి ఫోన్లో "కరుస్తుందా, వీడియోకి బాగుంటుంది" అన్నాడు, ఇవ్వలేదు.

పోయిన వారం తల్లి సాలీడు కుబుసం విడిచింది, కొత్త చీర కట్టినట్టుంది.

అత్తామామలు వచ్చారు. డబ్బాలన్నీ గరాజ్ పక్క గదిలోకి మార్చాను కానీ మామయ్య గారు రెండో రోజే కనిపెట్టేశారు. ఆయన గుంతకల్లు డివిజన్‌లో గార్డుగా చేసి రిటైరయ్యారు. డబ్బా మీద కాయితం కళ్లజోడు పెట్టుకుని చదివి, "గూటీ నుంచి తెప్పించావా?" అన్నారు. కాదు మామయ్యా, ఒహైయో అన్నాను. "మరి గూటీ అని ఎందుకు రాశావు?" అన్నారు. ప్రసాద్ గారు పక్కనుంటే బాగుండేది.

నంద్యాల_రవి · సోమవారం ఉదయం 8:30

నంద్యాల, గిద్దలూరు లైన్లో డ్యూటీ చేసినారేమో అడగన్నా.

ప్లేనో_శ్రీను · సోమవారం రాత్రి 9:15

అడిగాను. చాలా ఏళ్లు చేశారట. చలమ దగ్గరో దిగువమెట్ట దగ్గరో క్రాసింగ్ కోసం బండి ఆగితే దిగి, పెద్ద చెట్టు చూసుకుని కింద కూర్చుని క్యారేజీ విప్పుకునేవాళ్లట. పైకి ఎప్పుడూ చూడలేదట.